పాత సాంచె, కిరాయి బండి

బ్యాంకులో యంత్రం మీద అప్పు పుట్టాలంటే ముందు కొటేషన్ కావాలి. డీలరు తన లెటర్‌హెడ్డు మీద మోడలు, ధర, పన్ను రాసి, కింద ముద్ర కొట్టి ఇచ్చే కాగితం అది. అది ఉంటే ఫైలు కదులుతుంది, లేకుంటే మూల పడుతుంది. 1980ల నడుమ నేను ఫీల్డాఫీసరుగా సిరిసిల్ల శాఖకు బదిలీ మీద వచ్చేనాటికి బీవై నగర్‌లో, వెంకంపేటలో రాత్రీ పగలూ సాంచెల చప్పుడే. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాల్సిందే. నా టేబులు మీద మాత్రం సాంచెకు సంబంధించిన కొటేషన్ ఒక్కటీ కనిపించేది కాదు. ఊరికి కూడు పెడుతున్న యంత్రం మా లెడ్జర్లలో లేనే లేదు.

కారణం చిన్నదే. ఆ సాంచెలు డీలరు దగ్గర కొన్నవి కావు. దాదాపు అన్నీ పాతవి. ఎక్కడో ఇరవై, ముప్పై ఏళ్ళు ఆడి, అక్కడివాళ్ళు వద్దనుకున్నాక లారీలెక్కి మానేరు ఒడ్డుకు వచ్చినవి. పాత యంత్రానికి కొటేషన్ ఎవరిస్తారు?

ఆ లారీలు బయలుదేరిన చోటు భివండి. చేనేత మీద పొట్ట గడవని రోజుల్లో కరీంనగర్ జిల్లా పద్మశాలీలు భివండి, సోలాపూర్, సూరత్ బాట పట్టారు. భివండిలో పద్మానగర్ అనే పేటే వెలిసింది, అక్కడ తెలుగు తప్ప మరో మాట అక్కరలేదు. భివండి కూడా కొత్త సాంచెలతో ఎదిగిన ఊరేమీ కాదు, బొంబాయి మిల్లులు తీసి పడేసిన మగ్గాలే దానికి పెట్టుబడి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. దాని తర్వాత చాలా మిల్లులు మునుపటిలా తెరుచుకోనేలేదు. బట్ట నేయించే పని మిల్లుల్లోంచి మరమగ్గాల షెడ్లలోకి నడిచిపోయింది. ఇటు భివండిలో 1970 మేలో ఒకసారి, 1984 మేలో ఇంకోసారి మతకల్లోలాలు చెలరేగాయి. పిల్లాజెల్లాతో ఊరికి తిరిగొచ్చిన కుటుంబాలు కొన్ని నాకు స్వయంగా తెలుసు. చేతిలో పని ఉంది, సాంచె గుణం తెలుసు, ఎక్కడ ఎవరు అమ్ముతున్నారో తెలుసు. ఇక కావలసింది కరెంటు.

ఆ కరెంటు సిరిసిల్లలో ముందే ఉంది. 1970లోనే ఇక్కడ సహకార విద్యుత్ సరఫరా సంఘం పని మొదలుపెట్టింది. దేశంలో ప్రయోగంగా పెట్టిన మొదటి ఐదు గ్రామీణ విద్యుత్ సంఘాల్లో ఇదొకటి. జనం నోట్లో అది ‘సెస్’. కరెంటు బిల్లు మీద కోపమొస్తే హైదరాబాదు దాకా పోనక్కరలేదు, సంఘం ఆఫీసు ముందే కూర్చోవచ్చు. ఇప్పటికీ కూర్చుంటారు. 1985 జూన్‌లో కేంద్రం ప్రకటించిన జౌళి విధానం మరమగ్గాలను మిల్లులతో సమానంగా పోటీకి వదిలింది. అదే ఏడాది చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకిస్తూ చట్టమూ చేశారు. ఒకే ఏడాది ఇటు తలుపు తీసి, అటు గొళ్ళెం పెట్టారన్నమాట. సిరిసిల్ల తెరిచిన తలుపులోంచి పోయింది.

పాత సాంచె ఎందుకు పనికొచ్చిందో సాంచెలు బాగుచేసే జాబర్ ఒకడు నాకు చూపించాడు. సాంచె చట్రం పోత ఇనుము, దానికి ముసలితనం తొందరగా రాదు. అరిగేవి నాడె, నాడెను కొట్టే కట్టె, తోలు పట్టీలు, పళ్ళ చక్రాలు. అవన్నీ రెండు వీధుల దూరంలో దొరుకుతాయి, దొరకనివి అక్కడే చేసిస్తారు. సాంచె ఆగితే జాబర్ గంటలో వస్తాడు. వచ్చేలోపు పక్క సాంచె ఆడుతూనే ఉంటుంది. కొత్త యంత్రం చెడితే మాత్రం కంపెనీ మనిషి ఏ కోయంబత్తూరు నుంచో రావాలి, అతనొచ్చే దాకా బీము మీద పోగులు అట్లాగే ఉంటాయి. పాత యంత్రం లాభమా నష్టమా అనేది యంత్రాన్ని చూసి చెప్పే సంగతి కాదనీ, దాని చుట్టూ ఉన్న వీధిని చూసి చెప్పాలనీ నాకు అక్కడే తెలిసింది.

అప్పు సంగతి వేరు. బ్యాంకు ఇవ్వదు గనుక చిట్టీ పాడుకునేవారు, ఇంటిదాని పుస్తె అమ్మేవారు, లేదంటే గిరిగిరి. వెయ్యి రూపాయల గిరిగిరి అంటే వంద ముందే కోసుకుని తొమ్మిది వందలు చేతిలో పెడతారు. రోజుకు పది చొప్పున వంద రోజులు కట్టాలి. నేను బ్యాంకు మనిషిని కాబట్టి వడ్డీ కట్టి చూశాను, ఏడాదికి ఎనభై శాతం దరిదాపుల్లో తేలింది. ఆ లెక్క ఒక ఆసామికి చెప్పి, “కొత్త సాంచె కొను, కొటేషన్ పట్టుకొని రా, నేను లోను ఇప్పిస్త” అన్నాను.

“కొత్తదైతే మీదైతది సారూ. పాతదైతే నాదైతది” అన్నాడాయన.

వెటకారం కాదు. అప్పు మీద కొన్న యంత్రానికి ‘ఫలానా బ్యాంకు వారికి తాకట్టు’ అని పలక తగిలించమనేది మేమే. ఆ పలక ఉన్నన్నాళ్ళూ దాన్ని అమ్మలేడు, ఇంకో ఊరికి తరలించలేడు, చెల్లెలి పెళ్ళికి కుదువ పెట్టలేడు. పాత సాంచెను ఒక్కపూటలో అమ్ముకోవచ్చు. ఏమీ కాకపోతే తుక్కు ధర ఉండనే ఉంటుంది.

అయితే ఆయన చెప్పింది సగమే. సిరిసిల్లలో సాంచె ఉన్నవాడిని ఆసామి అంటారు, పేరుకు పెద్దరికమే. నూలు మాత్రం ఆయనది కాదు. సేటు నూలు ఇస్తాడు, ఆసామి తన షెడ్డులో, తన సాంచెల మీద, కార్మికుణ్ణి పెట్టి నేయించి బట్ట అప్పగిస్తాడు, మీటరుకు ఇంత అని కూలి తీసుకుంటాడు. అందులోంచే కార్మికుడికీ, కండెలు చుట్టేవాళ్ళకూ, వైపని వాళ్ళకూ, జాబర్‌కూ, సెస్‌కూ ఇవ్వాలి. అంటే ఆసామి తన యంత్రాన్ని సేటుకు కిరాయికి ఇచ్చినట్టే. కాకపోతే కిరాయికి ఇచ్చేవాడు నెలకు ఇంత అని ముందే గట్టి చేసుకుంటాడు. ఆసామికి ఆ గట్టి లేదు. బజారు పడిపోతే సేటు నూలు ఆపేస్తాడు, అక్కడితో సేటు పని అయిపోయింది. కార్మికుడు సంచి సర్దుకుని మళ్ళీ భివండి బండెక్కుతాడు. సాంచెలు పెట్టుకున్న ఆసామి ఎక్కడికీ పోలేడు. షెడ్డు కిరాయి నడుస్తుంది, కరెంటు కనీస చార్జీ నడుస్తుంది, గిరిగిరివాడు పొద్దున్నే గుమ్మంలో ఉంటాడు. 1990ల చివరి నుంచి సిరిసిల్ల పేరు ఆత్మహత్యల వార్తల్లో పదే పదే వచ్చిన కాలంలో కార్మికులతో పాటు ఆసాములూ ఆ వార్తల్లో ఉన్నారు. సాంచెలు తుక్కు కింద తూకానికి పోయిన రోజులూ ఆ ఊరు చూసింది.

అక్కడి నుంచి నన్ను కోరుట్లకు వేశారు. సిరిసిల్లలో సొంతానికి ఎంత విలువో, కోరుట్లలో కిరాయికి అంత చెలామణి. నేను వెళ్ళిన కొత్తలో కిరాయి సైకిలు దుకాణాలు ఇంకా బాగా నడుస్తున్నాయి. గంటకు ఇంత, రోజుకు ఇంత, తెలిసిన మొహమైతే పేరు రాసుకుంటారు, తెలియకపోతే గడియారం వదిలి పోవాలి. నిజామాబాద్ రోడ్డు మీద, అంటే ఇప్పటి 63వ నంబరు జాతీయ రహదారి మీద, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మధ్య జీపులు తిరిగేవి. లోపల ఎంతమందో, టాపు మీద ఎంతమందో లెక్క లేదు. జీపు ఒకరిది, నడిపేది ఇంకొకరు. సాయంత్రానికి ఓనరుకు రోజు కిరాయి అప్పజెప్పాలి. డీజిల్ డ్రైవరుదే, మిగిలితే డ్రైవరుదే, మిగలకపోతే అతని ఖర్మ. సిరిసిల్ల ఆసామి ఎదురుగా నిలబెట్టి చూస్తే ఈ డ్రైవరు నష్టపోయినవాడిలా కనిపిస్తాడు గానీ, పెళ్ళిళ్ళు లేని మూఢంలో జీపు అప్పగించి ఇంటికి పోగలిగినవాడు ఇతనే.

ఆ డ్రైవర్లలో చాలామంది చూపు గల్ఫ్ మీద. 1973 తర్వాత చమురు ధర పెరిగి ఆ దేశాల్లో పనులు లేచాక మా ప్రాంతం నుంచి దుబాయి, మస్కట్, కువైట్ పోవడం మొదలైంది. పోవడానికి ఇంకో కారణమూ ఉండేది. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపుల నడుమ పడుచు కొడుకును ఊళ్ళో ఉంచుకోవడానికి తల్లిదండ్రులు జంకిన కాలం. ఎడ్లమ్మి వీసా కొన్న ఇళ్ళు ఎన్నో. అక్కడ కంపెనీ బండి నడిపి వచ్చినవాడు కోరుట్లలో దిగగానే చేసే పనుల్లో ఒకటి, ఒక పాత బండి కొని ఆర్సీ తన పేర రాయించుకోవడం. అంబాసిడరో, జీపో, ఆ తర్వాత మారుతి 800. ఏసీ లేదు, డోరు గట్టిగా వేస్తే తప్ప పడదు, అయినా కాగితం మీద తన తండ్రి పేరుతో సహా తన పేరు ఉంది. ఇంకొకరి బండిని ఏళ్ళ తరబడి తుడిచినవాడికి ఆ కాగితం ఎంతో నేను లెక్క కట్టలేను. పైగా అంబాసిడర్‌ను విప్పి బిగించలేని మెకానిక్ మా వైపు ఉండేవాడు కాదు. ఉత్తరపారాలో దాని తయారీ 2014లో ఆగిపోయింది, మా మెకానిక్‌లు మాత్రం ఆ తర్వాత కూడా ఒకటో రెండో బతికించుకుంటూ వచ్చారు.

లీజు అనే మాట వినిపించినా, అది మా జనం దాకా వచ్చింది కాదు. దేశంలో మొదటి లీజింగ్ కంపెనీ 1973లో మద్రాసులో పుట్టింది. యంత్రాలు కంపెనీల పేర ఉంచి తరుగుదల మీద పన్ను మినహాయింపు తీసుకోవడం ఆ వ్యాపారంలో కిటుకు. 1990ల మొదట్లో ఊరూరా ఫైనాన్స్ బోర్డులు లేచాయి, దశాబ్దం తిరగక ముందే చాలావరకు దిగిపోయాయి. మామూలు మనిషికి దక్కింది హైర్ పర్చేజ్. చివరి కిస్తీ కట్టేదాకా బండి ఫైనాన్స్ వాళ్ళది, నువ్వు కిరాయిదారువి. మూడు కిస్తీలు తప్పితే రాత్రికి రాత్రి మనుషులొచ్చి తాళం అడుగుతారు. ఆ కిరాయిదారుకు కాస్త రక్షణ ఇద్దామని పార్లమెంటు 1972లో ఒక చట్టం చేసింది. అది మాత్రం ఎన్నడూ అమలులోకి రాలేదు. ముప్పై ఏళ్ళు పైబడి అట్లాగే ఉంచి 2005లో రద్దు చేశారు. ఇంత నిశ్శబ్దంగా పుట్టి పోయిన చట్టం ఇంకోటి ఉంటుందనుకోను.

తర్వాత జగిత్యాలలో నేను చూసిన ముఖ్యమైన కిరాయి వరికోత మిషన్లది. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్ళతో వరి పెరిగాక, కోతల నాటికి పంజాబు నుంచి మిషన్లు దిగేవి. గంటకు ఇంత అని మాట్లాడుకుని, మడి మడికీ తిరిగి, ఇక్కడ కోతలు కాగానే ఇంకో జిల్లాకు పోయేవి. ట్రాక్టరు కోసం నా దగ్గరికి వచ్చి గంటలు గంటలు కూర్చున్న రైతులే కోత మిషను ఊసెత్తేవారు కాదు. ట్రాక్టరుకు ఏడాది పొడుగునా ఏదో ఒక పని ఉంటుంది. కోత మిషనుకు ఒక మడిలో ఉన్న పని పూట పనే. దాన్ని కొని చింతచెట్టు కింద నిలబెట్టుకునేంత అమాయకులు ఎవరూ లేరు. లీజు మీద ఎవరైనా పాఠం రాస్తే మొదటి పేజీ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఇదంతా తవ్వుకోవడానికి కారణం మా మేనల్లుడు. గచ్చిబౌలిలో ఉద్యోగం. “మామా, లీజుకు కొత్త కారు తీసుకుంటే నెలకింత కట్టి మర్చిపోవచ్చు, ఇన్సూరెన్సు, సర్వీసు అన్నీ వాళ్ళే చూస్కుంటరు. అమ్మేమో జగిత్యాలల పాతది చూడమంటుంది” అని ఫోను చేశాడు. మనవైపు వాడుకలో లేని పద్ధతే అయినా హైదరాబాదులో అది కొత్త కాదు. మారుతి వాళ్ళు 2020లోనే అక్కడ నెలవారీ చందా పద్ధతి మొదలుపెట్టారు, మిగతా కంపెనీలూ ఉన్నాయి.

అతనికి ముందు బీమా వాళ్ళ తరుగు పట్టిక చదివి వినిపించాను. కారు వయసు ఆరు నెలలు దాటితే విలువలో పదిహేను శాతం పోతుంది, ఏడాది దాటితే ఇరవై, రెండేళ్ళు దాటితే ముప్పై, మూడేళ్ళు దాటితే నలభై, నాలుగు దాటితే యాభై. పది లక్షల కారు ఐదో ఏట ఐదు లక్షలది. మూడేళ్ళ లీజు తీసుకున్నవాడు ఆ మూడేళ్ళ తరుగూ కడతాడు, మొత్తం పది లక్షల మీద వడ్డీ కడతాడు, కంపెనీ లాభం, జీఎస్టీ కలిపి కడతాడు. చివరికి తాళం ఇచ్చి బస్సెక్కుతాడు. ఐదో ఏట పాతది కొన్నవాడికి పెట్టుబడీ సగం, వడ్డీ సగం. అతన్ని పట్టుకునేది రిపేరు. ఇక్కడ మనవాళ్ళు ఒక సంగతి మర్చిపోతున్నారు. పాత అంబాసిడర్‌ను చూసినట్టు ఇప్పటి పాత కారును చూడకూడదు. సెన్సార్లు, కంప్యూటరు ఉన్న బండిని స్పానరు పట్టుకుని వీధిలో విప్పలేరు. జగిత్యాలలో మంచి మెకానిక్‌లున్నారు, ఏ కారుకు విడిభాగం ఆ రోజే దొరుకుతుందో, ఏ కారుకు హైదరాబాదు నుంచి రావాలో వాళ్ళకు కంఠతా వచ్చు. కారు చూసే ముందు వాళ్ళను అడగమన్నాను.

ఇంకో మాట కూడా అడిగాను: “నీ ఉద్యోగం మూడేళ్ళు గట్టిదేనా?” గొంతు తగ్గించి “చెప్పలేను మామా” అన్నాడు. లీజులో కారు ధర పడిపోతే నష్టం కంపెనీది, ఉద్యోగం పోతే నష్టం నీది. కిస్తీ ఆగదు, మధ్యలో వదిలేస్తే దానికీ రుసుము ఉంటుంది. పాత కారును అమ్ముకోవచ్చు, లేదా కవరు కప్పి ఇంటి ముందు పెట్టుకోవచ్చు. జీతంలో పన్ను మినహాయింపు దొరికి, కొలువు గట్టిదై, మూడేళ్ళకు ఏ దేశంలో ఉంటాడో తెలియనివాడికి లీజు తప్పు కాదు. బ్యాటరీ బండ్ల విషయంలో నేనూ లీజు వైపే మొగ్గుతాను, ఎనిమిదేళ్ళ తర్వాత ఆ బ్యాటరీ ధర ఎంతో ఎవరు చెప్పగలరు? ఆర్టీసీ కూడా ఆ మాటే అనుకున్నట్టుంది. 2024లో కరీంనగర్‌లో మొదలైన ఎలక్ట్రిక్ బస్సులు సంస్థవి కావు. బస్సు కంపెనీది, కిలోమీటరుకు ఇంత అని చెల్లింపు.

కిరాయిని తిరగేసి చూపించిన పని ఇంకోటి జరిగింది. 2025 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం మహిళా సమాఖ్యలకు కొత్త బస్సులు ఇప్పించి, వాటిని ఆర్టీసీకి అద్దెకు పెట్టించింది. ఒక్కో బస్సుకు నెలకు 77,220 రూపాయలు. సీట్లు నిండాయా లేదా అన్న బెంగ సమాఖ్యకు లేదు, అది ఆర్టీసీది. నేను ఉద్యోగంలో ఉండగా ఒక్క ఆసామికైనా ఇట్లాంటి కాగితం దొరికి ఉంటే అతని ఫైలు మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవాణ్ణి.

సిరిసిల్లకు అట్లాంటిది దగ్గర దగ్గరగా వచ్చింది 2017లో, బతుకమ్మ చీరల రూపంలో. ప్రభుత్వం ఆర్డరు ఇచ్చింది, నూలు సమకూరింది, కూలి పెరిగింది. పాత చట్రాల మీదనే జకార్డులు బిగించారు, డాబీలు బిగించారు. భివండి నుంచి కొందరు తిరిగొచ్చారు. పాత సాంచె కొన్నవాడిది తెలివితక్కువతనం కాదని, దానికి పని చూపించే దిక్కు లేకపోవడమే లోపమని ఆ కొన్నేళ్ళు చూపించాయి. అప్పుడే పెద్దూరు దగ్గర కార్మికులను యజమానులను చేసే పథకమూ పెట్టారు, ఒక్కొక్కరికి నాలుగేసి కొత్త సాంచెలు ఇస్తామని షెడ్లు లేచాయి. 2024లో బతుకమ్మ చీరల ఆర్డరు రాలేదు. ఆ ఏడాది మొదట్లోనే వెంకంపేట వీధుల్లో మామూలు గొంతుతో మాట్లాడుకునే పరిస్థితి వచ్చింది. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరుతో మళ్ళీ కొంత కదలిక మొదలైంది.

2024 నవంబరులో సిరిసిల్ల పక్కనున్న వేములవాడలో యాభై కోట్ల రూపాయలతో నూలు డిపో ప్రకటించారు. సాంచె కొనడానికి సబ్సిడీ, సాంచె మార్చడానికి సబ్సిడీ, సాంచెకు కరెంటులో సబ్సిడీ, ఇవన్నీ అయ్యాక నూలు దాకా వచ్చారు. నేను సిరిసిల్లలో చేరిన రోజుల్లో మీకేం కావాలని అడిగితే ఆసాములు మొదట చెప్పింది నూలే. మా దరఖాస్తు ఫారంలో ఆ గడి లేదు. డిపోలో నూలు అరువు మీద ఇస్తారా, ఎన్నాళ్ళ అరువు, బట్ట ఎవరు కొంటారు అని అప్పుడు బీవై నగర్‌లో ఆసాములు ఒకరినొకరు అడిగారు.